జమ్ము మడి దాటితే మురుగూ సాగునీరే: అపోహలు – వాస్తవాలు

మార్చి దాటిందంటే ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచు ఊళ్లలో వాగులు ఎండిపోతాయి. బోర్ల ధార సన్నబడుతుంది. కానీ ఊరి మురుగు కాల్వ మాత్రం మండుటెండల్లోనూ పారుతూనే ఉంటుంది. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, బట్టల సబ్బు నురగ అన్నీ కలిసి ఊరి చివర పల్లంలోనో, చెరువులోనో చేరతాయి. ఆ నీటిని కంకర, వేళ్ల మధ్య నుంచి మూడు రోజుల పాటు నెమ్మదిగా నడిపిస్తే పంటకు పనికొస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని కృత్రిమ చిత్తడి నేల అంటారు. మనం జమ్ము మడి అనుకుందాం. దీని గురించి వినిపించే మాటల్లో ఏది నిజమో చూద్దాం.

అపోహ 1: ఇది చలి దేశాల పద్ధతి, మన ఎండలకు పనికిరాదు.

వాస్తవం: 1950లలో జర్మనీలో కేటె సైడెల్ అనే శాస్త్రవేత్త నీటి మొక్కలతో మురుగును శుద్ధి చేయవచ్చని ప్రయోగాలు మొదలుపెట్టిన మాట నిజమే. అయితే మురికిని తినే సూక్ష్మజీవులు చలిలో మందగిస్తాయి, వెచ్చదనంలో చురుగ్గా పనిచేస్తాయి. కాబట్టి మన వాతావరణం దీనికి కలిసొచ్చేదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన ప్రాంగణంలోనే ఇలాంటి మడులు కట్టి, జమ్ము, మెట్టతామర వంటి మొక్కలను పరీక్షించింది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఊరి మురుగు మీద కూడా ఈ పద్ధతిని అమలు చేసింది.

అపోహ 2: మురికినంతా మొక్కే పీల్చేస్తుంది.

వాస్తవం: మొక్క పీల్చేది కొంతే. ఒక జమ్ము ఆకును మొదట్లో అడ్డంగా కోసి చూడండి. తేనెపట్టులా గాలి గదులు కనిపిస్తాయి. వాటి గుండా గాలి వేళ్ల దాకా దిగుతుంది. మడిలోంచి ఒక కంకర రాయిని తీసి వేళ్లతో రుద్దితే జిగట తగులుతుంది. ఆ జిగటే సూక్ష్మజీవుల కాపురం. మురికిలో ఎక్కువ భాగాన్ని తినేది అవే.

అపోహ 3: నీళ్లు నిలిస్తే దోమలు, దోమలతో మలేరియా.

వాస్తవం: మలేరియాతో ఎన్నో ఏళ్లుగా పోరాడుతున్న ఏజెన్సీ ఊళ్లకు ఈ భయం ఉండటం సహజం. అందుకే ఇక్కడ నీరు పైకి కనిపించని రకం మడే కట్టాలి. రెండడుగుల లోతున కంకర పోసి, నీరు ఆ రాళ్ల పైపొరకు కిందుగానే పారేలా చూస్తే దోమ గుడ్లు పెట్టడానికి చోటే దొరకదు. నిజానికి దోమలను పెంచేది ఇప్పుడు ఊరి చివర నిలిచి ఉన్న మురుగు గుంతే.

అపోహ 4: మా చెరువులో జమ్ము ఉంది కదా, కాల్వను అందులోకి వదిలితే చాలు.

వాస్తవం: అలా చేస్తే చెరువు పూడుతుంది, గుర్రపుడెక్క కమ్ముకుంటుంది, చేపలు చస్తాయి. మురుగు ముందుగా ఒక తొట్టిలో ఆగి బురద కిందికి దిగాలి. ఆ తర్వాతే మడిలోకి రావాలి. మడి అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటో, సిమెంటో ఉండాలి. లేకపోతే మురుగు ఇంకి పక్క బోర్లలోకి చేరే ప్రమాదం ఉంది.

అపోహ 5: ఈ కాస్త నీటితో ఏం పండుతుంది?

వాస్తవం: లెక్క వేద్దాం. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. 1,000 మంది ఉన్న ఊళ్లో అందులో మూడింట రెండు వంతులు వాడుక నీరుగా బయటికొస్తే రోజుకు 36,000 లీటర్లకు పైగానే. ఎండాకాలంలో ఎకరం కూరగాయలకు రోజుకు సుమారు 20,000 లీటర్లు చాలు. అంటే ఒకటిన్నర ఎకరానికి పైగా తడి అందుతుంది. మడికి పట్టే స్థలం నాలుగైదు గుంటలు. ఊరి మిరప చేలన్నింటికీ ఈ నీరు చాలదు. కానీ ఒక మహిళా సంఘం కూరగాయల తోటను వేసవి దాటించగలదు.

అపోహ 6: శుద్ధయింది కాబట్టి ఏ నీటినైనా, ఏ పంటకైనా వాడొచ్చు.

వాస్తవం: ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. మడి రోగక్రిములను బాగా తగ్గిస్తుంది, పూర్తిగా చంపదు. ఈ నీరు తాగడానికి అసలే పనికిరాదు. పచ్చిగా తినే కొత్తిమీర, టమాటా, ముల్లంగి వద్దు. వండుకు తినే కూరలు, పశుగ్రాసం, పండ్ల చెట్లు మేలు. నీటిని డ్రిప్పుతో మొక్క మొదట్లోనే ఇవ్వాలి, కోతకు కొన్ని రోజుల ముందే ఆపేయాలి. ఇక గనుల నీరు, మిల్లుల నీరు సంగతి వేరు. భార లోహాలు మడిలో కరిగి మాయం కావు, ఉప్పు తగ్గదు. అలాంటి నీటిని ఊరి మడిలోకి రానివ్వకూడదు.

అపోహ 7: ఒకసారి కడితే చాలు, ఇక చూడనక్కర్లేదు.

వాస్తవం: కరెంటు ఖర్చు తక్కువే గాని మనిషి కన్ను కావాలి. తొట్టిలో బురద తీయాలి, జమ్మును ఏటా కోయాలి, కవర్లు అడ్డుపడకుండా జాలీ శుభ్రం చేయాలి. ఆ పని ఎవరిదో పంచాయతీ ముందే తేల్చుకోకపోతే కొన్నేళ్లలోనే కంకర మూసుకుపోతుంది.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రేపు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మీ ఊరి కాల్వ చివర ఒక బకెట్ పట్టి, అది ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసుకోండి. ఊరు రోజూ ఎంత నీటిని చేజార్చుకుంటోందో ఆ కాగితమే చెబుతుంది. గ్రామసభలో ముందు దాన్నే చదివి వినిపించండి.