కెంచార్లహళ్ళి దాహము, కుమారపర్వతపు రాత్రి
చింతామణి తాలూకా కెంచార్లహళ్ళిలో వాన కురిసిన నది పెద్ద వార్త. ఆ యూరి తెలుగు రైతుతో కుక్కె సుబ్రహ్మణ్యమును దర్శించి, 1712 మీటర్ల కుమారపర్వతము నెక్కుచు, దారిలో నొక యింట రాత్రి గడిపితిని. చుట్టును నిత్యహరితారణ్యము. జలగలు కాళ్ళు విడువలేదు. తడిసిన బట్టలు తెల్లవారినను ఆరలేదు. నిద్రపట్టనీయనిది మాత్రము వాగుల హోరే.

ఇట్టి వాగులనే, ఉత్తరమున సకలేశపుర ప్రాంతమునుండి, కోలారు, చిక్కబళ్ళాపురములకు మళ్ళించు ఎత్తినహొళె పథకపు తొలిదశ 2024 సెప్టెంబరు 6న ప్రారంభమైనది. లక్ష్యము 24 టి.యం.సి. ఎండిన సీమకు నీరు వలదనుటకు నాకు నోరు రాదు. కాని త్రాగునీటి పథకమను పేరుచేత దానికి ముందస్తు పర్యావరణానుమతి యక్కరలేకపోవుట వకీలునగు నాకు మింగుడుపడదు. ఆ నీటిని పట్టియుంచునది అడవియే గదా!

తెల్లవారి మా రైతు వాగునీటిని సీసాలో నింపుకొని, “దీన్ని మా సెరువులో పోస్తాను సామీ” అనెను.