లవ్ బర్డ్స్‌కి ఒంట్లో బాగోలేదా?

పిల్లలు ముచ్చటపడ్డారని లవ్ బర్డ్స్ కొన్నారా? (అసలు పేరు బడ్జీలు, పుట్టిల్లు ఆస్ట్రేలియా.) వీటితో చిక్కేమిటంటే, జబ్బు చేసినా పైకి తెలియనివ్వవు. అడవిలో నలతగా కనిపించిన పిట్టనే డేగ ముందు తన్నుకుపోతుంది మరి! మనం గమనించేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

అందుకని పొద్దున్నే చిన్న డబ్బాలో పెట్టి, వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి, క్యాలెండర్‌లో రాసుకోండి. ఉండేదే 30-40 గ్రాములు. మూడు నాలుగు గ్రాములు తగ్గిందంటే పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే. గిన్నె నిండా కొర్రలున్నాయి కదా అనుకోకండి, ఊది చూడండి. పైనంతా పొట్టే! ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతున్నా ఇక ఆగకండి.

డాక్టరు ఇంటికే వస్తానంటే మరీ మంచిది, పిట్టకి ప్రయాణపు బెదురు తప్పుతుంది. ఈలోగా చలిగా ఉంటే పంజరానికి ఒక పక్కన, బయట, పాతరకం బల్బు వెలిగించండి (ఎల్‌ఈడీ వేడినివ్వదు). రెండో పక్క చల్లగా వదిలేస్తే, వేడనిపించినప్పుడు అటు జరుగుతుంది. అడుగున పరిచిన కాగితం మాత్రం మార్చకండి, డాక్టరు రెట్ట చూడాలి. మనం వేసుకునే మాత్రలు అసలే వద్దు.

అన్నట్టు, పంజరం వంటింట్లో ఉందా? ఇవాళే హాల్లోకి మార్చేయండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి పెద్దగా తెలియదుగానీ, పిట్ట నిమిషాల్లో ప్రాణం వదిలేస్తుంది.