వృద్ధుల లెక్క తేలింది, చూసేవారేరీ?
వయోవృద్ధులపై పరిశోధనకు నిధులు దొరుకుతున్నాయి. వారి సంరక్షణ నేర్చుకున్నవారికి మాత్రం తగిన కొలువులు లేవు

లెక్కలు తీయడంలో భారత్ వెనకబడిందని ఎవరూ అనలేరు. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ సిబ్బంది 2017-18లో దేశమంతా తిరిగి, 45 ఏళ్లు పైబడిన 72,000 మందికి పైగా కలిశారు. రక్తపోటు చూశారు, పిడికిలి బిగువు కొలిచారు, వేలి నుంచి రక్తపు చుక్క తీసుకున్నారు. ఆస్తులు, అప్పులు, పిల్లలు పంపే డబ్బు గురించి అడిగారు. లాసీ అని పొట్టిగా పిలిచే ఈ సర్వే నివేదిక 2021 జనవరిలో వెలువడింది. దానికి అనుబంధంగా జరిగిన మరో అధ్యయనం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేసింది.

ఆ 88 లక్షల మందికి రోజూ స్నానం చేయించి, మందులిచ్చి, అర్ధరాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోకుండా చూసేదెవరు? కోడళ్లు, కూతుళ్లు, భార్యలు. స్తోమతున్న ఇళ్లలో ఏజెన్సీ పంపిన ఆయా. వీరిలో చాలామంది ఈ పని ఎక్కడా నేర్చుకోలేదు. నేర్పినవారూ లేరు.

పరిశోధనకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నదీ ఆసక్తికరమే. లాసీకి కేంద్ర ఆరోగ్య శాఖ, ఐక్యరాజ్యసమితి జనాభా నిధితో పాటు అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ నిధులిచ్చింది. ఆ సంస్థ మాతృసంస్థ ఎన్ఐహెచ్ 2025 మే 1న ఓ ప్రకటన చేసింది. విదేశీ సంస్థలకు వాటా పంచే కొత్త గ్రాంట్లను, పాతవాటి పొడిగింపులను కొత్త పద్ధతి వచ్చేదాకా ఇవ్వబోమన్నది దాని సారాంశం. ఒక దేశపు ముసలివాళ్ల లెక్క మరో దేశపు ఖజానా మీద ఆధారపడితే వచ్చే చిక్కు ఇదే.

దేశీయ నిధులతో మంచి ఫలితాలు రావన్న వాదనకు హైదరాబాదే జవాబు. నిమ్స్ ఆస్పత్రి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను నరాల వైద్య నిపుణురాలు సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతోందని, చదువురాని వారిలోనూ ఈ తేడా ఉందని 2013లో వెల్లడించింది. తెలుగు, ఉర్దూ కలగలిసి వినిపించే నగరం కాబట్టే సాధ్యమైన పరిశోధన ఇది. ప్రపంచమంతా చర్చించింది.

ప్రైవేటు దాతల్లో పెద్ద చేయి ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్‌ది. బెంగళూరు ఐఐఎస్‌సీలో మెదడు పరిశోధన కేంద్రానికి ఆయన ప్రతీక్ష ట్రస్టు 225 కోట్ల రూపాయలు ప్రకటించింది. ఆ కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 10,000 మందిని ఏళ్ల తరబడి గమనించే లక్ష్యంతో అధ్యయనం చేపట్టింది. మామిడి తోటల ఆ తాలూకాలో కన్నడంతో పాటు తెలుగూ ఇంటిభాషే.

చదువు సంగతికొస్తే కథ చెన్నైలో మొదలవుతుంది. వృద్ధుల కోసం విడిగా ఓపీ పెట్టాలన్న ఆలోచనను వి.ఎస్.నటరాజన్ అక్కడి ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో 1978లోనే అమలు చేశారు. ఎండీ కోర్సుకు మాత్రం 1996 దాకా ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ కోర్సు 2012లో గానీ రాలేదు. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు కేంద్రం 2010-11లో జాతీయ కార్యక్రమం ప్రకటించి, మొదటి విడతలో 8 ప్రాంతీయ కేంద్రాలను ఎంచుకుంది. ఢిల్లీ, చెన్నై, ముంబై, శ్రీనగర్, వారణాసి, గువాహటి, తిరువనంతపురం, జోధ్‌పూర్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఊసే లేదు. అప్పటికి రాష్ట్రంలో వృద్ధులు తక్కువా అంటే, 2011 జనాభా లెక్కల్లో జాతీయ సగటు 8.6 శాతం కాగా ఇక్కడ 9.8 శాతం.

డాక్టర్ల సంగతి అలా ఉంచితే, అసలు కొరత మంచం పక్కన ఉండే మనిషిది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద పనిచేసే జాతీయ సామాజిక రక్షణ సంస్థ 2000లోనే వృద్ధుల సంరక్షణలో కోర్సులు మొదలెట్టింది. కొన్ని నెలల సర్టిఫికెట్ నుంచి ఏడాది పీజీ డిప్లొమా దాకా ఉన్నాయి. ఎంబీబీఎస్ పాసైనవారి కోసం ఇగ్నో జెరియాట్రిక్ మెడిసిన్‌లో డిప్లొమా పెట్టింది. కోర్సుల కొరత కన్నా, కోర్సు తర్వాత ఏమిటన్నదే ప్రశ్న. పక్షవాతం వచ్చిన మనిషిని వీపు మీద పుండ్లు పడకుండా గంటల లెక్కన పక్కకు తిప్పడం నేర్చుకున్నదానికీ, ఏమీ నేర్వనిదానికీ ఏజెన్సీ ఇచ్చే జీతంలో పెద్ద తేడా లేకపోతే ఎవరు నేర్చుకుంటారు? పనిగంటలకు హద్దు లేదు, పైమెట్టు లేదు. బోర్డు మీద ‘కేర్‌టేకర్’ అని రాసినా ఇంట్లో అంట్లు కూడా ఆమే తోమాలి.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనీ కాదు. పీపీఎఫ్‌లో సుమారు 3,000 కోట్లు, ఈపీఎఫ్‌లో 6,000 కోట్లు ఎవరూ అడగకుండా పడున్నాయని 2015 బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ చెప్పారు. అలా మూలుగుతున్న సొమ్ముతో ఏర్పడిందే వయోవృద్ధుల సంక్షేమ నిధి. పేద వృద్ధులకు చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు ఇచ్చే వయోశ్రీ పథకం దాని మీదే నడిచింది. 2017లో ఆ పథకం మొదలైంది నెల్లూరులోనే. 2021లో వచ్చిన ‘సేజ్’ పథకం వృద్ధుల సేవల్లోకి దిగే స్టార్టప్‌లకు కోటి రూపాయల దాకా వాటా పెట్టుబడి ఇస్తానంది. పరికరాలకు, కంపెనీలకు తెరుచుకున్నంత సులువుగా జీతాల పద్దు తెరుచుకోలేదు.

ఈ పని విలువ విదేశాలకు బాగా తెలిసింది. ముసలిదైపోతున్న జర్మనీ తన ‘ట్రిపుల్ విన్’ కార్యక్రమం కింద నర్సుల కోసం 2023లో తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌తో ఒప్పందం చేసుకుంది. ఎంపికైనవారికి జర్మన్ భాష నేర్పి మరీ తీసుకెళ్తారు. జపాన్ కూడా అదే బాటలో వృద్ధుల సంరక్షణకు భారతీయులను రప్పించుకుంటోంది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక ప్రకారం 2050 నాటికి భారత్‌లో వృద్ధులు 34.7 కోట్లవుతారు. అప్పటికి సంరక్షణలో చేయి తిరగాల్సిన తెలుగు నర్సులు ఇప్పుడు జర్మన్ పాఠాలు వల్లె వేస్తున్నారు.