మనవరాలి కోసం మెత్తని తూటా

బరంపురంలో సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరైన నాకు, కాలేజీ రోజుల ఎన్.సి.సి. పరేడు తప్పిస్తే తుపాకీతో పరిచయం లేదు. పైగా మాది గంజాం జిల్లా. ఇక్కడి భేట్నోయి, బలిపదర్ ప్రాంతాల రైతులు కృష్ణజింకలు పంట మేసినా చంపరు. అవి పొలంలో అడుగు పెడితే శుభమని వారి నమ్మకం. అలాంటి చోటినుంచి వెళ్ళిన నేను, అమెరికాలో జింకల వేటకు సొంతంగా తూటాలు తయారు చేసుకునే పెద్దాయన పక్కన కూర్చుని సాయంత్రాలు గడిపానంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

మావాడు పెన్సిల్వేనియాలో ఉంటాడు. ఆ పెద్దాయన వాళ్ళ పక్కింటివారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి కింది గదిలో ఆయనకొక బల్ల ఉంది. "మాస్టారు కదా, మీకు నచ్చుతుంది, రండి" అని పిలిచారు. మొహమాటానికి వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, ఆ బల్ల మీది పనంతా పదమూడేళ్ళ మనవరాలి కోసమని.

జింకలు పెరిగిన చోటు

ముందు అక్కడి పరిస్థితి చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఆ రాష్ట్రంలో తోడేళ్ళు లేకుండా పోయాయి. విచ్చలవిడి వేటతో తెల్లతోక జింకలు కూడా అరుదైపోయాయి. 1895లో వేట జంతువుల కమిషన్ ఏర్పడింది. ఆ తర్వాత కట్టుదిట్టాలతో జింకలు మళ్ళీ పెరిగాయి. ఎంత పెరిగాయంటే, ఇప్పుడు అడవిలో మొలకెత్తిన చెట్లను ఎదగనివ్వవు. రోడ్ల మీద కార్లకు అడ్డం పడతాయి. తోడేలు చేసే పని ఇప్పుడు లైసెన్సున్న వేటగాడు చేస్తున్నాడు. 1937లో వచ్చిన చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది.

1963 నుంచి 2018 దాకా నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం తుపాకీ వేట మొదలయ్యేది. చాలా ఊళ్ళలో ఆ రోజు బడులకు సెలవు. 2019 నుంచి దాన్ని శనివారానికి మార్చారు. తాతలూ మనవలూ కలిసి వెళ్ళడం అక్కడ ఇంటి ఆచారం.

ఈ తాతా మనవరాలూ కూడా అలాగే వెళ్ళారు, అంతకు ముందు ఏడాది. బంధువుల దగ్గర తెచ్చిన పెద్ద రైఫిలు, థర్టీ ఆట్ సిక్స్. అది భుజాన్ని గట్టిగా తన్నే రకం. ప్రాక్టీసు చేసిన రోజే పిల్ల భుజం కమిలిపోయింది. వేటలో ట్రిగ్గరు నొక్కే క్షణాన ఉలిక్కిపడింది. దెబ్బ తగలాల్సిన చోట తగల్లేదు. గాయపడిన జింక పొదల్లోకి పారిపోయింది. టార్చిలైటు పట్టుకుని రాత్రి దాకా రక్తపు చుక్కలు వెతికారట. దొరకలేదు. ఇంటికొచ్చి ఆ పిల్ల అన్నం ముట్టలేదు, మళ్ళీ తుపాకీ పట్టనంది.

"తప్పు పిల్లది కాదు, నాది" అన్నారు పెద్దాయన. ఆ మాటతోనే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

తుపాకీ ఎందుకు తన్నుతుంది?

ఇది న్యూటన్ మూడో సూత్రం. గుండు ముందుకు ఎంత ఊపుతో వెళ్తే తుపాకీ అంత ఊపుతో వెనక్కి వస్తుంది. గుండుతోపాటు మందు కాలిన వాయువు కూడా గొట్టంలోంచి దూసుకుపోతుంది గనుక దాని బరువూ లెక్కలోకి వస్తుంది. కాబట్టి తన్ను తగ్గాలంటే గుండు బరువైనా, వేగమైనా, మందైనా తగ్గించాలి. లేదా తుపాకీ బరువు పెంచాలి. పిల్లచేత బరువు మోయించలేం. మిగిలింది తూటాయే.

ఈసారి ఆయన ఎంచుకున్నది 7 ఎం.ఎం.-08 రెమింగ్టన్ అనే రకం. అది 1980లో వచ్చింది. దానికి పెద్దన్న లాంటిది పాత 7×57 మౌజర్. జిమ్ కార్బెట్‌కు చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో బహూకరించిన .275 రిగ్బీ రైఫిలులో వేసేది ఆ తూటాయే. దానిలో 120 గ్రెయిన్ల తేలిక గుండు పెట్టి, మందు తగ్గించారు. నేను కాగితం మీద లెక్క కట్టి చూశాను. భుజానికి తగిలే తన్ను పాత రైఫిలుతో పోలిస్తే సగానికి లోపే.

బల్ల మీద పని

తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి తొడుగు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, మందు, కొసన గుండు. వీటిలో ఇత్తడి తొడుగు ఒక్కటే మళ్ళీ పనికొస్తుంది. పేలినప్పుడు అది ఉబ్బుతుంది. దాన్ని శుభ్రం చేసి, పలచగా నూనె రాసి, ప్రెస్సులో ఉక్కు అచ్చులోకి నొక్కితే పాత కొలతకు వస్తుంది. పొడవు సాగితే కత్తిరించాలి. కొత్త ప్రైమరు కూర్చి, మందు తూచి పోసి, గుండు బిగించాలి.

తూకానికి వాడేది గ్రెయిను. పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజ ఎత్తులో ఇంచుమించు సగం! అందులో పదోవంతు దాకా చూసి తూస్తారాయన. ఆ గదిలో రేడియో ఉండదు, కబుర్లుండవు, సిగరెట్టు మాట అసలే లేదు. బల్ల మీద ఒకే రకం మందు డబ్బా ఉంటుంది. మిగతావి బీరువాలో తాళం వేసి ఉంటాయి.

"మందు తగ్గించడమేగా, ఎంత తగ్గిస్తే అంత క్షేమం కదా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నెమ్మదిగా కాలే కొన్ని మందుల్ని మరీ తక్కువగా పోస్తే ఒత్తిడి అదుపు తప్పి రైఫిలే పగలవచ్చునట. త్వరగా కాలే మందైతే మరో గండం. అది కొంచెమే పడుతుంది గనుక పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపోదు, కంటికి తెలియదు. అందుకే సొంత ఊహ పనికిరాదు. మందు తయారు చేసే కంపెనీలు పరీక్షించి ప్రచురించిన పట్టిక దాటి పైకీ పోకూడదు, కిందికీ పోకూడదు. హాడ్జ్‌డన్ కంపెనీ హెచ్ 4895 అనే మందుకు కుర్రకారు కోసమే ఇలాంటి పట్టిక ప్రచురించింది. ఆయన గోడకు అంటించుకున్నది అదే. తొడుగులన్నీ చెక్క పళ్ళెంలో నిలబెట్టి, గుండు బిగించే ముందు టార్చి వేసి ఒక్కొక్కటీ చూస్తారు.

దయ రెండు వైపులా

ఇంకో చిక్కుంది. గుండు నెమ్మదైతే భుజానికి సుఖమే, కానీ జింక సంగతి? వేట గుండు తగలగానే విచ్చుకోవాలి, ప్రాణం వెంటనే పోవాలి. వేగం చాలకపోతే విచ్చుకోదు. జంతువు గాయంతో యాతన పడుతుంది. అందుకని తక్కువ వేగానికే విచ్చుకునే మెత్తని సీసపు గుండు ఎంచారు. సీసం తునకలు మాంసంలో మిగలవచ్చు గనుక గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారేస్తారు. పిల్లకు మాత్రం ఒకటే షరతు: వంద గజాలు దాటితే పేల్చకూడదు.

ప్రాక్టీసు మైదానంలో ఆయన చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. పిల్లకు చెప్పకుండా మధ్యలో ఒక ఉత్తుత్తి తూటా పెట్టేవారు. ట్రిగ్గరు నొక్కితే ‘టిక్’ మంటుందంతే. అప్పుడు గొట్టం కిందికి వంగితే లోపల ఇంకా జంకు ఉన్నట్టు. మొదటి వారం గొట్టం వంగింది. మూడో వారం వంగలేదు. పిల్ల నవ్వింది. ఆయన ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

శనివారం తెల్లవారుజామున నారింజ రంగు కోట్లు వేసుకుని, ఐదు తూటాలు పట్టుకుని వెళ్ళారు. సాయంత్రం ఐదూ తిరిగొచ్చాయి. కనిపించిన జింక దూరంగా ఉందనీ, పేల్చలేదనీ పిల్లే చెప్పింది. మరుసటి శనివారం నాలుగు తిరిగొచ్చాయి. జింక నిలబడ్డ చోటే ఒరిగిందట. కొంత మాంసం ఇంటికి, కొంత పేదలకు అన్నం పెట్టే సంస్థకు వెళ్ళింది.

నేను చూశానే గాని తుపాకీ ముట్టలేదు. తాత్కాలిక వీసా మీద వెళ్ళినవారు తుపాకీ చేపట్టడాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి చట్టం ఒప్పదు. పిల్లల దగ్గరికి వెళ్ళే మన పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. ఇక మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం, 1991 సవరణల తర్వాత జింకల వేటన్న మాటే లేదు. ఉండకూడదు కూడా.

మా ఇంట్లో మాంసం వండరు. వేట మీద నా అభిప్రాయమూ మారలేదు. కాని ప్రాణం తీయక తప్పదనుకున్న చోట కూడా, గురివింద గింజలో ఇరవయ్యో వంతు దాకా తూచి బాధను తగ్గించాలని చూసిన ఆ ముసలి చేతులు నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటాయి. పంట మేసిన జింకను క్షమించే మా గంజాం రైతుకూ ఆయనకూ మధ్య నేననుకున్నంత దూరం లేదేమో!