ఎండకు రంగు మారే ప్లాస్టిక్కు: అపోహలు – వాస్తవాలు

నీడలో తెల్లగా ఉండి ఎండలోకి రాగానే ఊదారంగుకు తిరిగే పూసలు, త్రీడీ ప్రింటర్లో తీసిన బొమ్మలు, గుమ్మం దాటగానే నల్లబడే కళ్ళద్దాలు ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. పెళ్ళి పూలదండను రెజిన్‌లో పోయించుకుని దాచుకునేవాళ్ళు పెరిగారు. కొన్నాళ్ళకు ఆ రెజిన్ పసుపుబారిందని బాధపడేవాళ్ళూ పెరిగారు. ఇవన్నీ వెలుతురు వల్ల ప్లాస్టిక్కులో వచ్చే రంగు మార్పులే అయినా, వీటి వెనక మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకచోట రంగు అణువు ఆకారం మార్చుకుని, తర్వాత మళ్ళీ పాత ఆకారానికి వస్తుంది. ఇంకోచోట రెజిన్‌ను గట్టిపరిచే రసాయనం ఖర్చయిపోయి దాని రంగు పోతుంది. మూడోచోట వెలుతురు ప్లాస్టిక్కునే మెల్లగా పాడుచేస్తుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే అపోహల్లో చాలా భాగం పుడుతోంది.

అపోహ: ఎండ వేడికే రంగు మారుతుంది.

వేడి చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఈ వస్తువుల్లో ఉండేది ఫొటోక్రోమిక్ రంగు. ఫొటోక్రోమిజం అన్న పేరు 1950లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త యెహుదా హిర్ష్‌బర్గ్ పెట్టింది. ఈ జాతి రంగుల్లో బాగా తెలిసినది స్పైరోపైరాన్. దాని అణువులో రెండు సగాలు ఒకదానికొకటి అడ్డంగా, ఒకే కార్బన్ దగ్గర కలిసి ఉంటాయి. అలా ఉన్నంతసేపూ దానికి రంగు లేనట్టే. అతినీలలోహిత కిరణం, అంటే యూవీ తగలగానే అక్కడ కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య బంధం తెగుతుంది, రెండు సగాలూ తిరిగి ఒకే తలంలోకి సర్దుకుంటాయి. ఆ కొత్త ఆకారం మన కంటికి కనిపించే వెలుతురులో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది కాబట్టి మనకు ఊదా, నీలం లాంటి రంగు కనిపిస్తుంది. యూవీ ఆగిపోతే, గదిలో ఉండే మామూలు వేడే అణువును పాత ఆకారానికి తిప్పేస్తుంది.

అంటే యూవీ రంగు తెస్తుంటే, వేడి అదే సమయంలో దాన్ని చెరిపేస్తుంటుంది. అందుకే యూవీ సమానంగా తగిలినా రంగు మారే కళ్ళద్దాలు రెంటచింతల మే నెల వేడిలో కంటే లంబసింగి చలిలో ఎక్కువ నల్లబడతాయి. మండుటెండలో అద్దాలు సరిగా నల్లబడలేదని దుకాణదారును అనుమానించేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లలకు చూపించాలంటే ఒకే రకం పూసలు రెండు తీసుకుని, ఒకటి మంచునీళ్ళ గ్లాసులో, ఇంకొకటి వేణ్ణీళ్ళ గ్లాసులో వేసి పక్కపక్కనే ఎండలో పెట్టండి. చల్లని పూస రంగు చిక్కగా ఉంటుంది. బడిలో ఈ ప్రయోగం చేయించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ప్రతి సైన్సు టీచరూ ఒక్కసారైనా చేయించాలని నా కోరిక.

కారులో కూర్చుంటే కళ్ళద్దాలు నల్లబడకపోవడం కూడా చాలామందిని తికమక పెడుతుంది. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది. ఆ పొర యూవీని దాదాపు మొత్తంగా ఆపేస్తుంది. ఇంటి కిటికీకి ఉండే మామూలు గాజు అలా కాదు, యూవీలో 340 నానోమీటర్ల పైబడిన భాగాన్ని చాలావరకు లోపలికి వదులుతుంది. కాబట్టి కిటికీ పక్కన పెట్టిన బొమ్మ గాజు చాటున ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

అపోహ: రంగు ఒకటే అయితే ఏ ప్లాస్టిక్కులో కలిపినా ఒకేలా పనిచేస్తుంది.

అణువు తిరగాలంటే చోటు కావాలి. కిక్కిరిసిన బస్సులో మనిషి పక్కకు తిరగడానికి ఎంత అవస్థ పడతాడో, గట్టిగా బిగుసుకున్న రెజిన్ లోపల రంగు అణువుదీ అదే అవస్థ. మెత్తగా వంగే ప్లాస్టిక్కులో రంగు త్వరగా వచ్చి త్వరగా పోతుంది. గట్టి ప్లాస్టిక్కులో మార్పు మందగిస్తుంది. కళ్ళద్దాలకు గట్టి ప్లాస్టిక్కే కావాలి, రంగు మాత్రం చప్పున మారాలి. ఈ చిక్కుకు 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక చక్కని ఉపాయం చూపించారు. రంగు అణువుకు మెత్తగా వంగే సిలికాన్ తోకను అతికించారు. ఆ తోక అణువు చుట్టూ చుట్టుకుని, గట్టి ప్లాస్టిక్కు లోపలే దానికి మెత్తని చోటు కల్పించింది. మార్పు వేగం బాగా పెరిగింది. త్రీడీ ప్రింటింగ్ చేసేవాళ్ళు రంగుపొడి మంచిదా కాదా అని వాదించుకోవడం మాని, ముందు ఏ రెజిన్‌లో కలుపుతున్నామో చూసుకోవాలి.

పొడి ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిదన్న నమ్మకం కూడా ఇలాంటిదే. ఫొటోక్రోమిక్ రంగు యూవీని పీల్చుకుంటుంది. మోతాదు పెరిగితే రెజిన్‌ను గట్టిపరచాల్సిన వెలుతురునే అది మింగేసి, పొరలు సరిగా అతుక్కోకుండా చేయగలదు. పైగా యూవీ పైపొరలోనే ఆగిపోతుంది కాబట్టి బొమ్మ నడిమధ్యన ఉన్న పొడికి పనే ఉండదు. రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే చురుకైన రసాయన ముక్కలు రంగు అణువులను దెబ్బతీసే ప్రమాదమూ ఉంది. అందుకే కళ్ళద్దాల తయారీలో కొందరు ముందు అద్దాన్ని పోతపోసి, ఆ తర్వాతే వేడితో రంగును పైపొరలోకి ఇంకిస్తారు.

రంగు మారే ప్రతి వస్తువునూ ఈ జాబితాలో వేయకూడదు. వేడి కాఫీ పోస్తే బొమ్మ కనిపించే కప్పు, చీకట్లో వెలిగే నక్షత్రాలు, తిప్పి చూస్తే ఆకుపచ్చ నుంచి నీలానికి మారే 500 నోటు దారం: ఇవేవీ ఫొటోక్రోమిజం కావు. కప్పుది వేడి, నక్షత్రాలది దాచుకున్న వెలుతురును మెల్లగా వదలడం, నోటు దారానిది చూసే కోణం.

అపోహ: రెజిన్ అంటే యూవీతోనే గట్టిపడుతుంది.

పూలదండలు పోసే ఎపాక్సీ అనే రెజిన్‌కు వెలుతురుతో పనే లేదు. అందులో కలిపే హార్డెనరే దాన్ని గట్టిపరుస్తుంది. ఇళ్ళలో వాడే త్రీడీ రెజిన్ ప్రింటర్లలో ఎక్కువవాటి వెలుతురు 405 నానోమీటర్లు. అది యూవీ దాటి, కంటికి ఊదాగా కనిపించే అంచు. పంటి డాక్టరు పిప్పిపన్నులో సిమెంటు నింపి చూపించే దీపాన్ని అందరూ యూవీ దీపం అంటారు గానీ అది నీలి వెలుతురు. అలా నింపే పదార్థాల్లో చాలావాటిలో కాంఫర్‌క్వినోన్ అనే పసుపు రసాయనం ఉంటుంది. అది 470 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురును అందుకుని గట్టిపడే పని మొదలుపెడుతుంది, ఆ పనిలో ఖర్చయిపోతూ తన పసుపును పోగొట్టుకుంటుంది. అందుకే నింపినది గట్టిపడ్డాక ఛాయ కొంచెం మారుతుంది. ఇది మళ్ళీ వెనక్కి రాని మార్పు.

అపోహ: రెజిన్ పసుపుబారిందంటే సరుకు నాసిరకం.

కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ పసుపు కథ అంత సూటిగా లేదు. పాలీజెట్ అనే త్రీడీ ప్రింటింగ్ పద్ధతిలో తీసిన పారదర్శకమైన వస్తువులు ప్రింటరు నుంచి బయటికి వచ్చేటప్పుడే కాస్త పసుపుగా ఉంటాయి. వాటిని పగటి వెలుతురు లాంటి ప్రకాశవంతమైన తెల్లని దీపాల కింద ఉంచితే ఆ పసుపు చాలావరకు పోతుంది. అంటే వెలుతురు పసుపును తీసేయగలదు. అదే వెలుతురు నెలల తరబడి తగిలితే కొత్త పసుపు పుట్టించగలదు. మామూలు ఎపాక్సీలో ఉండే బిస్ఫినాల్-ఎ అనే రసాయనపు వలయాలు ఎండలోని యూవీని పీల్చుకుని, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపు పదార్థాలుగా మారతాయి. హార్డెనర్‌లోని అమీన్లు అనే రసాయనాల వల్ల చీకట్లో ఉంచినా నెమ్మదిగా కొంత రంగు రావచ్చు.

డబ్బా మీద ‘యూవీ రెసిస్టెంట్’ అని రాసి ఉంటే, అందులో యూవీని పీల్చుకునే పదార్థమో, నష్టాన్ని అడ్డుకునే పదార్థమో కలిపారని అర్థం. అవి పసుపును వాయిదా వేస్తాయి, రద్దు చేయలేవు. దండలోని గులాబీల రంగు కూడా వెలుతురుకు వెలిసిపోయేదే. పెళ్ళి జ్ఞాపకం కోసం వేలు ఖర్చు పెట్టేవాళ్ళకు ఈ మాట ముందే చెప్పడం ఆ పని చేసేవాళ్ళ బాధ్యత. కొనుక్కున్నవాళ్ళు దాన్ని నేరుగా ఎండ పడని గోడకు తగిలించుకోవాలి.

పసుపుబారిన ముక్కను చీకట్లో పెడితే బాగవుతుందని ఆశపడకండి. చీకట్లో రంగు దానంతట అదే వెనక్కి వస్తే అది ఫొటోక్రోమిజం. అయితే చీకట్లో వెనక్కి రానంత మాత్రాన ఫొటోక్రోమిజం కాదని తేల్చలేం. డైఅరైల్ఈథీన్ల లాంటి రంగులు చీకట్లో కదలకుండా అలాగే ఉండిపోతాయి, తగిన వెలుతురు వేస్తేనే తిరిగి మారతాయి. 2019లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు నీలి, గులాబీ, పసుపు ఫొటోక్రోమిక్ రంగులను కలిపి వస్తువుల మీద పిచికారీ చేశారు. యూవీతో రంగులన్నీ తెప్పించి, ప్రొజెక్టరు వెలుతురుతో అక్కర్లేని వాటిని చెరిపి, ఒకే బూటు మీద మాటిమాటికీ కొత్త డిజైను వేసి చూపించారు.

ఇలా మార్చుతూ ఎంతకాలమైనా ఉండవచ్చా అంటే, ఉండలేం. ప్రతి మార్పులోనూ కొన్ని అణువులు ఆక్సిజన్ వల్ల చెడిపోతాయి. పూసలు, ప్లాస్టిక్ కళ్ళద్దాలు కొన్నేళ్ళకు మందగించేది ఇందుకే. 1960లలో వచ్చిన వెండి లవణాల గాజు కళ్ళద్దాలకు ఈ అలసట దాదాపు లేదు, కానీ బరువు ఎక్కువ.

చివరి అపోహ ఒంటికి హాని చేసేది: రంగు మారింది కాబట్టి రెజిన్ పూర్తిగా గట్టిపడింది అనుకోవడం. పైపొర రంగు లోపలి సంగతి చెప్పదు. సరిగా గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు రావచ్చు. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఒళ్ళు తట్టుకోకపోవచ్చు. ప్రింటరు నుంచి తీసిన వస్తువును గ్లవ్స్‌తోనే పట్టుకోవాలి. తయారీదారు చెప్పిన ద్రావకంలో కడగాలి, ఆరాక చెప్పినంతసేపు దీపం కింద పెట్టాలి. పైన జిగురుగా తగులుతున్నంతకాలం, ఎంత అందంగా రంగులు మార్చినా, దాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు.