యుద్ధ విమానాల ఇంజిన్ ఆగకుండా చేసిన రేసర్ బియట్రిస్ షిల్లింగ్

1940లో జర్మనీ విమానాలతో తలపడిన బ్రిటిష్ పైలట్లకు ఒక వింత సమస్య ఉండేది. తాము తరుముతున్న మెసర్‌ష్మిట్ 109 ఒక్కసారిగా ముక్కు కిందికి వంచి డైవ్ కొట్టేది. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల్లో ఉన్నవాళ్లు కూడా అలాగే వంచితే ఇంజిన్ ఒక్క క్షణం దగ్గేది, ఆ వెంటనే నల్ల పొగ కక్కేది, ఒక్కోసారి ఆగిపోయేది కూడా. అంతలో శత్రువు చేజారిపోయేవాడు. అదే శత్రువు వెనకాల ఉంటే ఇక పైలట్ ప్రాణం గాల్లోనే.

ఆ రెండు విమానాల్లోనూ ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్. దాని శక్తికి వంక పెట్టడానికి లేదు. లోపమంతా దానికి పెట్రోలు అందించే కార్బురేటర్‌లో ఉంది. దీనికి మందు కనిపెట్టిన ఇంజనీర్ బియట్రిస్ షిల్లింగ్. ఉద్యోగం విమాన పరిశోధన సంస్థలో, మనసు మాత్రం రేసు ట్రాక్ మీద.

కామర్స్ చదివిన నాకు ఇది ఇంటి మీద వాటర్ ట్యాంకును ఊహించుకుంటేనే అర్థమైంది. ట్యాంకులో నీళ్లు నిండితే బంతి పైకి తేలుతుంది, వాల్వు మూసుకుంటుంది. నీళ్లు తగ్గితే బంతి దిగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. కార్బురేటర్‌లో కూడా ఇలాంటి ఫ్లోటే ఉంటుంది. పాత బైకులు రిపేరు చేసే ఏ ఉస్తాద్‌ని అడిగినా విప్పి చూపిస్తాడు. ఈ ఏర్పాటంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: బరువు ఎప్పుడూ కిందికే లాగుతుందని.

బస్సు స్పీడుగా హంప్ ఎక్కి దిగినప్పుడు మనం సీట్లోంచి లేస్తాం కదా, విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంచినా అదే జరుగుతుంది. పైలట్‌తో పాటు పెట్రోలూ పైకి ఎగురుతుంది. అడుగున ఉన్న దారులకు పెట్రోలు అందదు, ఇంజిన్ దగ్గుతుంది. ఇది మొదటి దెబ్బ. రెండోది ఇంకా ప్రమాదం. ఫ్లోటు ఉండాల్సిన చోట ఉండదు, వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది, పంపు తన బలం కొద్దీ పెట్రోలు తోసేస్తుంది. ఇంజిన్‌కు ఊపిరాడదు. మెకానిక్ భాషలో చెప్పాలంటే 'ఓవర్‌ఫ్లో'.

జర్మన్ ఇంజిన్‌లో ఫ్లోటే లేదు. పెట్రోలును నేరుగా ఇంజెక్ట్ చేసే పద్ధతి వాళ్లది. అందుకే బ్రిటిష్ పైలట్లు డైవ్ కొట్టాలంటే ముందు విమానాన్ని తలకిందులుగా తిప్పి, ఆ తర్వాత కిందికి లాగేవాళ్లు. అలా చేస్తే పెట్రోలు అడుగునే ఉంటుంది. కానీ విలువైన క్షణాలు పోతాయి.

షిల్లింగ్ 1909 మార్చి 8న ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో, వాటర్‌లూవిల్‌లో పుట్టారు. తండ్రి మాంసం వ్యాపారి. పద్నాలుగేళ్లకే మోటార్ సైకిల్ కొనుక్కుని, దాన్ని విప్పి బిగించడం నేర్చుకున్నారు. స్కూలు తర్వాత మార్గరెట్ పార్ట్రిడ్జ్ అనే మహిళా ఇంజనీర్ దగ్గర పనికి కుదిరారు. డెవన్ ప్రాంతంలోని పల్లెలకు కరెంటు తెస్తున్న కంపెనీ అది. అక్కడ వైరింగ్, జనరేటర్ల పని చేశారు. నువ్వు యూనివర్సిటీకి వెళ్లాలని వెన్ను తట్టింది కూడా పార్ట్రిడ్జే. 1932లో మాంచెస్టర్ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, ఆ వెంటనే మెకానికల్‌లో పీజీ వచ్చాయి.

పార్ట్రిడ్జ్ లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీ తొలితరం మనిషి. షిల్లింగ్ కూడా అందులో సభ్యురాలే. అదే సొసైటీలో 1965లో మన తెలుగింటి ఆడబిడ్డ అయ్యలసోమయాజుల లలిత సభ్యురాలయ్యారు. 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డ తల్లిగా 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన లలితకు అండగా నిలిచింది అక్కడే ప్రొఫెసర్‌గా ఉన్న తండ్రి. షిల్లింగ్ ఇంట్లో ప్రొఫెసర్లు లేరు. ఆమెకు దారి చూపింది పార్ట్రిడ్జ్.

చదువు అయ్యాక షిల్లింగ్ బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ 500 సీసీ బండితో రేసులకు దిగారు. రేసులో గంటకు 100 మైళ్లకు పైగా వేగంతో ల్యాప్ పూర్తి చేసినవారికి అక్కడ గోల్డ్ స్టార్ ఇచ్చేవారు. 1934లో ఆమె 106 మైళ్లు, అంటే దాదాపు 170 కిలోమీటర్ల వేగం అందుకున్నారు. ఆ ట్రాక్ మీద బైకుపై గోల్డ్ స్టార్ సాధించిన మహిళలు మొత్తం ముగ్గురే. తనకు కాబోయే భర్త జార్జ్ నేలర్ కూడా అది గెలిచాకే పెళ్లికి ఒప్పుకున్నారని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ 1938లో పెళ్లయింది. పెళ్లయిన మహిళ ఉద్యోగం వదలాలనే నిబంధన బ్రిటిష్ సివిల్ సర్వీసులో 1946 దాకా ఉండేది. షిల్లింగ్ మాత్రం పెళ్లి తర్వాత కూడా ఉద్యోగంలో కొనసాగారు.

ఆ ఉద్యోగం 1936లో చేరిన ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో. మొదట టెక్నికల్ రాతపని అప్పగించారు, అది ఆమెకు నచ్చలేదు. తర్వాత కార్బురేటర్ల విభాగానికి వచ్చారు. మెర్లిన్ సమస్య ఆమె టేబుల్ మీదికి చేరింది అక్కడే.

పరిష్కారం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పెట్రోలు లైన్లో మధ్యలో రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి బిళ్ల. తెలివంతా ఆ రంధ్రం కొలతలో ఉంది. ఇంజిన్ పూర్తి శక్తితో నడిచేటప్పుడు ఎంత పెట్రోలు కావాలో అంతే పోతుంది, అంతకు మించి పోదు. ఫ్లోటు ఎటు పోయినా, వాల్వు ఎంత తెరుచుకున్నా ఓవర్‌ఫ్లో అయ్యే ప్రశ్నే లేదు. కొత్త కార్బురేటర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు, విమానాన్ని ఫ్యాక్టరీకి పంపనక్కర్లేదు. 1941 మార్చి నుంచి షిల్లింగ్ చిన్న బృందంతో వైమానిక స్థావరాలు తిరుగుతూ వీటిని బిగించారు.

ఇది పూర్తి మందు కాదు. మొదటి దగ్గు అలాగే ఉంది, తలకిందులుగా ఎక్కువసేపు ఎగరడం కుదరదు. 1943లో ప్రెషర్ కార్బురేటర్లు వచ్చేదాకా మాత్రం పైలట్లను కాపాడింది ఆ బిళ్లే. వాళ్లు దానికి 'మిస్ షిల్లింగ్ రంధ్రం' అని కొంటె పేరు పెట్టారు. అప్పటికి ఆమె మిస్ కాదు, మిసెస్ నేలర్. ఆ జోకు వెనక ఉన్న లెక్క చాలామందికి తెలియదు, పేరు మాత్రం మిగిలిపోయింది.

యుద్ధం తర్వాత ఓబీఈ గౌరవం దక్కింది. బ్లూ స్ట్రీక్ క్షిపణి మీద పనిచేశారు. తడిసిన రన్‌వే మీద విమానం బ్రేకు వేస్తే ఏమవుతుందో పరిశోధించారు. రేసులు బైకుల నుంచి కార్లకు మారాయి. 1959-62 మధ్య దంపతులిద్దరూ ఆస్టిన్ హీలీ సెబ్రింగ్ స్ప్రైట్‌తో రేసుల్లో పోటీపడ్డారు. షిల్లింగ్‌కు ఒక మొదటి స్థానం, కొన్ని మూడో స్థానాలు వచ్చాయి. అప్పటికి ఆమెకు యాభై దాటాయి.

1967లో అమెరికన్ రేసర్ డాన్ గర్నీ జట్టు ఫార్ములా వన్ కారు ఈగిల్ వేడెక్కిపోతుంటే సాయం కోసం వచ్చింది ఆమె దగ్గరికే. బెల్జియన్ గ్రాండ్ ప్రిలో గర్నీ ఆ కారుతో గెలిచింది కూడా ఆ ఏడాదే. రెండేళ్లకు, 1969లో, ఫార్న్‌బరో నుంచి రిటైరయ్యారు. 1990 నవంబర్ 18న కన్నుమూశారు. రాయల్ హాలోవే యూనివర్సిటీలో ఒక భవనానికి ఇప్పుడు ఆమె పేరుంది.