తాతకూ మనవడికీ ఒకటే జబ్బా?

మా యింట్లో మధుమేహం యిద్దరికి వుంది. మా మామగారికి డెబ్బై మూడేళ్లు, మా పిల్లవాడికి పదకొండు. భోజనాలవేళ పక్కపక్కనే కూర్చుంటారు. ఆయన మాత్ర వేసుకుంటారు, వీడు పొట్టమీద సూది పొడుచుకుంటాడు. వచ్చిపోయే చుట్టాలందరిదీ ఒకటే మాట: "తాతగారి జబ్బే మనవడికి దిగింది."

చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు కొద్దిలో పిల్లవాణ్ణి పోగొట్టుకునేదాన్ని.

వాడి ఎనిమిదో యేట, మూడు వారాల్లో చొక్కాలన్నీ వదులైపోయాయి. చెంబులకు చెంబులు నీళ్లు తాగేవాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఎండలవల్ల కాబోలు అనుకున్నాం. రక్తంలో చక్కెర చూస్తే 480! ఆనాటినుంచీ యిన్సులినే. మామగారికి మాత్రం జబ్బు యెప్పుడు వచ్చిందో ఆయనకే తెలీదు. 2004లో కంటి శుక్లం తీయించుకోవడానికి వెళితే బయటపడింది.

మరుసటి సంక్రాంతికి వూరు వెళ్లాం. భోగినాటి రాత్రి పిల్లవాడికి వాంతులు పట్టుకున్నాయి. మెతుకు ముట్టలేదు. "తిండి లేనప్పుడు మందెందుకమ్మాయ్? లంఖణం చేసిన రోజున నేను మాత్ర వేసుకోను" అన్నారు మామగారు. నిజమే కదా అనిపించింది. రాత్రి సూదీ, పొద్దుటి సూదీ మానేశాను. సాయంత్రానికి వాడు కొలిమితిత్తిలా వూపిరి తీస్తున్నాడు. నోటినుంచి మగ్గిన పండు వాసన. పిలిస్తే పలకడంలేదు. కారులో పట్నానికి పరుగెత్తాం. ఆస్పత్రిలో మూడు రోజులు.

అక్కడి డాక్టరుగారు మా గోదావరి సీమ మనిషే కావడంవల్ల, మామగారికి కాలవల భాషలో చెప్పారు. "రక్తం కాలవ అనుకోండి, అందులో చక్కెర నీళ్లు. ఒంట్లో కణాలు చేలు. తూము తలుపెత్తే లస్కరు యిన్సులిన్. మీ తూముకు తలుపు తుప్పుపట్టింది. లస్కరు వున్నాడు, యెత్తలేక ఆపసోపాలు పడుతున్నాడు. మాత్రలూ నడకా ఆ తుప్పు వదలగొట్టేవి. మీ మనవడికి అసలు లస్కరే లేడు."

ఎందుకు లేడంటే, రోగాలతో పోరాడవలసిన సొంత సైన్యమే పొరబడి, క్లోమంలో యిన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసింది. మిఠాయిలు పెట్టి జబ్బు తెచ్చానని నన్ను దెప్పినవాళ్లున్నారు. అది అబద్ధమని ఆ రోజే తెలిసింది. తినకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే వుంటుంది. యిన్సులిన్ లేకపోతే శరీరం ఆ చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగిస్తుంది. అందులోంచి పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మార్చేస్తాయి. అంచేత జ్వరం, వాంతులు వచ్చినా యీ రకంవాళ్లు యిన్సులిన్ పూర్తిగా మానకూడదు. చక్కెరా, కీటోన్లూ మాటిమాటికీ చూసుకుంటూ, డాక్టరును అడిగి మోతాదు మార్చుకోవాలి. మాత్రగా మింగుదామంటే, యిన్సులిన్ మాంసకృత్తి కనుక కడుపు దాన్ని అరిగించేస్తుంది.

పూర్వం యీ పిల్లలు నెలల్లో చిక్కి పోయేవారట. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడికి తొలిసారి యిన్సులిన్ యిచ్చారు. ఆపైన పదమూడేళ్లు బతికాడు. రెండు రకాలూ వేరని వైద్యులు పరీక్ష చేసి చూపించింది 1936లో. మన సుశ్రుతుడు వెనకటికే చిక్కినవాళ్ల ప్రమేహం వేరు, ఒళ్లు పెరిగి కూర్చోవడం యిష్టమైనవాళ్లది వేరు అని రాశాడు. ఈనాటి విభజనతో అచ్చంగా సరిపోదుగాని, ముచ్చటైన సంగతే.

వయస్సు చూసి రకం తేల్చకండి. నలభై యేళ్లవాళ్లకూ మొదటి రకం రావచ్చు, సన్నగా వున్నవాళ్లకూ రెండోది రావచ్చు. అనుమానంగా వుంటే అందుకు రక్తపరీక్షలున్నాయి. రేపు మామగారికి యిన్సులిన్ అవసరపడినా, ఆయనది మనవడి జబ్బయిపోదు. మా ఆడపడుచుకు ఏడో నెలలో కనిపించిన చక్కెర పురుడు కాగానే పోయింది, అది మూడో బాపతు. అయినా మళ్లీ రావచ్చు కనుక అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోమన్నారు.

వంశపారంపర్యం మాటకొస్తే, అది రెండో రకానికే యెక్కువ. మామగారి జబ్బు దిగితే మావారికి దిగాలి. పరీక్ష చేయిస్తే గీతమీద వుందన్నారు. ఆనాటినుంచీ తెల్లవారుజామున నడుస్తున్నారు, విసుక్కుంటూనే.

ఈ సంక్రాంతికి మనవడు తాతగారి వేలు పొడిచి చూశాడు. 212 వచ్చింది.

"అరిసె ఒక్కటే తిన్నానురా" అన్నారాయన.

"మీసాలమీద నువ్వులు చాలా వున్నాయి, తాతయ్యా" అన్నాడు వాడు.